కంట్లో వత్తి వేసే వైద్యం

'కళ్లల్లో వత్తులు వేసుకుని ఎదురుచూశాం' అంటుంటాం. పరీక్ష ఫలితాల కోసం, దూరాన ఉన్న కొడుకు కోసం, ఎంతకీ రాని బస్సు కోసం. అది మాటవరసకే. కానీ నిజంగానే కంట్లోకి వత్తిలాంటిది దూర్చి, వెలిగించి, ఆ వెలుగులో పని చక్కబెట్టుకుని బయటికొచ్చే వైద్యులున్నారు తెలుసా? ఆ వత్తి మందం అర మిల్లీమీటరు. అది వెలిగే గది ఎంతంటే, ఒక చెంచాడు నీళ్లు కూడా పట్టవు. ఆ గదికి ఉన్నది ఒక్కటే కిటికీ... కంటిపాప!

ఆ కాస్త గదిలోకి వెలుతురు ఎలా పంపాలి అన్న ప్రశ్నతో కంటివైద్యం నూట డెబ్బై ఏళ్లకు పైగా కుస్తీ పడుతూనే ఉంది. వెలుతురు మెరుగైన ప్రతిసారీ ఆపరేషన్ ఒక మెట్టు ఎక్కింది. విచిత్రమేమిటంటే, ఆ వెలుతురు అవసరం అందరికీ ఒకేలా ఉండదు. పట్నంలో కళ్లజోడు నంబరు మారగానే డాక్టరు దగ్గరికి పరుగెత్తేవాళ్లకు తక్కువ. చూపు పూర్తిగా పోయాక కొండ దిగి వచ్చేవాళ్లకు చాలా ఎక్కువ. ఆ సంగతి అర్థం కావాలంటే, ముందు మనం సీలేరు దారిలో కొంచెం ప్రయాణం చేయాలి.

ఘాట్ రోడ్డులో మెరిసే కళ్లు

నర్సీపట్నం దాటి, లంబసింగి ఘాట్ ఎక్కి, చింతపల్లి, గూడెం కొత్తవీధి మీదుగా అడవిలో పోతూ పోతూ ఉంటే వస్తుంది సీలేరు. విశాఖపట్నం నుంచి లెక్కేస్తే సుమారు 200 కిలోమీటర్లు. పేరు వినగానే మనకు గుర్తొచ్చేది కరెంటు. పైన ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ అని పిలిచే నదే కిందికి వచ్చేసరికి సీలేరవుతుంది. ఎగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రంలో ఒక్కోటి 60 మెగావాట్లవి నాలుగు యూనిట్లు. మైదానంలో మన ఇళ్లల్లో వెలిగే దీపాలకు కొంత వెలుగు ఈ కొండల నుంచే దిగి వస్తుందన్నమాట.

ఆ దారిలో రాత్రిపూట జీపులో వెళ్లినవాళ్లకు ఒక దృశ్యం బాగా తెలుసు. మలుపు తిరగ్గానే చీకట్లో రెండు ఆకుపచ్చ చుక్కలు మెరుస్తాయి. అడవిపిల్లో, ఆవో, ఇంకేదో. హెడ్‌లైట్ల వెలుగు ఆ జంతువు కంట్లోకి వెళ్లి, లోపల అద్దంలాంటి పొరకు తగిలి, వెళ్లిన దారినే వెనక్కి వస్తోంది. మనుషుల కళ్లలో ఆ అద్దంలాంటి పొర లేదు. అయినా మన కన్నూ మెరుస్తుంది. పెళ్లిలో ఫ్లాష్ కొట్టి తీసిన ఫొటోలు చూడండి. పెళ్లికొడుకు కళ్లు ఎర్రగా దెయ్యంలా ఉంటాయి. ఆ ఎరుపు ఎక్కడిదో కాదు, కంటి అడుగున ఉన్న రెటీనాదీ, దాని వెనక రక్తనాళాలతో నిండిన పొరదీ.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. పసిపిల్లల ఫొటోల్లో ఒక కంటిపాప ఎర్రగా, రెండోది తెల్లగా పడితే తేలిగ్గా తీసుకోకండి. చాలాసార్లు అది కెమెరా కోణం వల్లే అయి ఉంటుంది. కానీ పుట్టుకతో వచ్చిన శుక్లం కావచ్చు, రెటీనోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సరు కూడా కావచ్చు. రెండూ తొందరగా పట్టుకుంటే చికిత్స ఉన్నవే. మళ్లీ మళ్లీ అలాగే పడుతుంటే ఆ ఫొటో పట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

సరే, కన్ను లోపల అంత ఎర్రగా ఉంటే మామూలుగా చూసినప్పుడు కంటిపాప నల్లగా ఎందుకు కనిపిస్తుంది? కారణం మన తలకాయే! కంట్లోకి వెళ్లిన వెలుగు వెళ్లిన దారినే తిరిగొస్తుంది. అది చూడాలంటే మన కన్ను సరిగ్గా ఆ దారిలో ఉండాలి. ఆ దారిలో తల పెడితే వెలుగే లోపలికి వెళ్లదు. ఈ తిరకాసును విప్పినవాడు జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్. ఒక గాజుపలకను ఏటవాలుగా పట్టుకుని, పక్కనున్న దీపం వెలుగును దానిమీంచి కంట్లోకి మళ్లించి, అదే పలక గుండా తను చూశాడు. బతికున్న మనిషి కన్ను లోపల ఎలా ఉంటుందో అలా కనిపించింది. 1851లో ఆయన ఆ పరికరాన్ని లోకానికి చెప్పాడు. ఇవాళ ఆపరేషన్ గదిలో ఉండే లక్షల రూపాయల మైక్రోస్కోపులోనూ ఉన్నది ఆ కిటుకే. డాక్టరు చూసే గీతకు వీలైనంత దగ్గరగా, దాదాపు అదే గీతలో, వెలుగును పంపుతారు. ఆ రెండు గీతల మధ్య రెండు డిగ్రీల తేడాకూ ఆరు డిగ్రీల తేడాకూ కనిపించే దృశ్యం మారిపోతుంది.

తోలుబొమ్మ వెనక దీపం

ఆ ఎర్రటి మెరుపుతో డాక్టరుకు పనేంటి అంటారా? తోలుబొమ్మలాట గుర్తు తెచ్చుకోండి. దీపం తెర వెనక ఉంటుంది. అందుకే బొమ్మ చేతివేలు కదిలినా మనకు కనిపిస్తుంది. అదే దీపాన్ని తెర ముందు పెడితే తెల్లగుడ్డ తప్ప ఇంకేం కనబడదు. శుక్లం ఆపరేషన్‌లోనూ అంతే. కంటి అడుగు నుంచి వెనక్కి వచ్చే ఎర్రటి వెలుగే తెర వెనక దీపం. ఆ వెలుగు మీద కటకం, దాన్ని కప్పిన పారదర్శకమైన సంచి, దానిమీద డాక్టరు గీసే గీత, అన్నీ నీడల్లా స్పష్టంగా తేలతాయి.

ఆ సంచి సంగతి చెప్పుకోవాలి. శుక్లం తీయడమంటే కటకాన్ని సంచితో సహా పీకేయడం కాదు. సంచి ముందువైపు అయిదు మిల్లీమీటర్ల పైచిలుకు గుండ్రటి కిటికీ తెరిచి, లోపల మసకబారిన పదార్థాన్ని తీసేసి, అదే సంచిలో కృత్రిమ కటకాన్ని కూర్చోబెడతారు. ఆ సంచి పొర మన తలవెంట్రుక మందంలో అయిదో వంతు ఉంటుంది. దాన్ని గుండ్రంగా చించాలి. గీత పక్కకు పోయిందంటే చిరుగు వెనక్కి పాకుతుంది. లెన్సుకు కూర్చునే చోటు ఉండదు. ఇదంతా జరిగేది పారదర్శకమైన పొర మీద. వెనక ఎర్రటి వెలుగు ఉంటేనే కనిపించే పొర మీద!

'ముదరనివ్వండి' అనే మాట ఎక్కడిది?

ఇప్పుడు సీలేరు వైపు ఏదో గూడెం నుంచి ఒక అవ్వ బయల్దేరిందనుకుందాం. కన్ను మసకబారి ఏళ్లయింది. మొదట పోడు పనిలో గింజలు కనబడలేదు. తర్వాత మనవళ్ల మొహాలు కనబడలేదు. ఇప్పుడు పగలేదో రాత్రేదో మాత్రం తెలుస్తోంది. జీపెక్కించి, బస్సెక్కించి, పనులు మానుకుని ఆమెను విశాఖ తీసుకురావడానికి ఇంట్లోవాళ్లకు ఇన్నాళ్లు పట్టింది. పైగా ఎవరో చెప్పారు... 'శుక్లం ముదరాలి, ముదిరాకే ఆపరేషన్ చేయించుకోవాలి' అని.

ఆ మాట గాల్లోంచి పుట్టలేదు. ఒకప్పుడు అది సరైన సలహానే. పాత పద్ధతిలో సంచితో సహా మొత్తం కటకాన్ని బయటికి లాగేసేవారు. దానికి ఎర్రటి మెరుపుతో పెద్దగా పని లేదు. ఒక మోస్తరు వెలుతురు, కళ్లకు పెట్టుకునే భూతద్దాలు ఉంటే చాలు. అందుకే బడి గదుల్లో, సత్రాల్లో శిబిరాలు పెట్టి ఆపరేషన్లు చేయగలిగారు. హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రి పేరు చెప్పగానే గుర్తొచ్చే డాక్టర్ పి.శివారెడ్డి అలాంటి శిబిరాలతోనే పల్లెపల్లెకూ చూపు పంచారు. ఆపరేషన్ తర్వాత మాత్రం సోడాబుడ్డి కళ్లద్దాలే గతి. అవి పెట్టుకుంటే ఉన్నవి పెద్దగా, వంకరగా కనిపించేవి. కాస్తోకూస్తో చూపున్నవాళ్లకు ఆ అద్దాలు అంటగట్టడం ఎందుకని, 'పూర్తిగా ముదిరాక రండి' అనేవారు డాక్టర్లు.

కాలం మారింది. సంచిలో కటకం పెట్టే పద్ధతి వచ్చింది. సోడాబుడ్డి పోయింది. సలహా ఒక్కటే మిగిలింది! ఇప్పుడది నష్టం చేస్తోంది. ఎందుకంటే ముదిరిన శుక్లం సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంటుంది. మైక్రోస్కోపు వెలుగు దాన్ని దాటి కంటి అడుగుకు వెళ్లదు. వెళ్లనిది వెనక్కెలా వస్తుంది? ఎర్రటి మెరుపు మాయం. తెర వెనక దీపం ఆరిపోయింది. తెల్లటి పదార్థం మీద పారదర్శకమైన పొర... తెల్లకాగితం మీద గాజుముక్కలాగా. దాన్నే గుండ్రంగా చించాలి. పైగా ముదిరిన శుక్లం లోపల ద్రవం పోగై సంచి బిగుసుకుని ఉంటుంది. గిల్లగానే పటుక్కున చిట్లుతుంది. అంటే ఎవరికి ఎక్కువ వెలుతురు కావాలో సరిగ్గా వాళ్ల కంట్లోనే వెలుతురు లేకుండా పోతోంది.

అవ్వలాంటివాళ్లు ఎంతమంది అంటే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1996 నుంచి 2000 వరకు హైదరాబాద్, పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లలో 10,293 మందిని పరీక్షించి ఒక పెద్ద అధ్యయనం చేశారు. అందులో అంధత్వం 1.84 శాతం. దానిలో 44 శాతానికి కారణం శుక్లమే. దేశమంతటా 2015-19 మధ్య చేసిన సర్వేలో 50 ఏళ్లు దాటినవాళ్ల అంధత్వంలో 66.2 శాతం శుక్లం వల్లేనని తేలింది. ఆ రెండు లెక్కల్లో వయసులు వేరు కాబట్టి ఒకదానితో ఒకటి పోల్చలేం. కానీ ఆపరేషన్‌తో నయమయ్యే జబ్బుకి ఇంతమంది చూపు పోగొట్టుకుని కూర్చున్నారన్నది మాత్రం రెండూ చెబుతున్నాయి.

మరి వెలుతురు లేని కంట్లో ఏం చేశారు? 1990లలో కొందరు డాక్టర్లు మైక్రోస్కోపు దీపం తగ్గించి, సన్నటి ఫైబర్ దీపాన్ని పక్కనుంచి ఏటవాలుగా పట్టారు. పొద్దువాలేటప్పుడు నేల మీద చిన్న గులకరాయికి కూడా నీడ పడుతుంది కదా, అలాగే పక్క వెలుగులో పొర అంచు కొద్దిగా మెరిసి కనిపించేది. మంచి ఉపాయమే, కాకపోతే దీపం పట్టుకోడానికి ఇంకో చేయి కావాలి. 1999లో నెదర్లాండ్స్‌కు చెందిన గెరిట్ మెలెస్ బృందం ఇంకా తేలిక దారి చెప్పింది. పొరకు రంగు వేసేయడమే! ట్రిపాన్ బ్లూ అనే నీలిమందు చుక్కలు వేసి కడిగేస్తే సంచి పొరకు మాత్రం లేత నీలం అంటుకుంటుంది. తెల్లటి శుక్లం మీద నీలిపొర. అయినా ఒక్కోసారి బిగుసుకున్న సంచి అడ్డంగా చిరిగి అటు నీలం, ఇటు నీలం, మధ్యలో తెలుపుతో కనిపిస్తుంది. దానికి డాక్టర్లు పెట్టుకున్న పేరు 'అర్జెంటీనా జెండా'. ఫుట్‌బాల్ అభిమానులకు ఇష్టమైన జెండానే గానీ, ఆపరేషన్ టేబుల్ దగ్గర అది ఎగరకూడదని ప్రతి డాక్టరూ కోరుకుంటాడు.

ఈ నీలిమందును మన మదురైలోని ఆరోల్యాబ్ కూడా తయారుచేస్తోంది. దీపాలు మెరుగుపరచాలంటే కోట్లు కావాలనేమీ లేదు, కొన్నిసార్లు ఒక సీసా రంగు చాలు అనడానికి నాకిది బాగా నచ్చిన ఉదాహరణ.

నోట్లో టార్చి పెట్టుకుని రిపేరు

ఇంతవరకు చెప్పుకున్నది కంటి ముందుగది. అసలు చీకటి వెనకగదిలో ఉంది. కటకం వెనక, రెటీనా ముందు, కోడిగుడ్డు తెల్లసొనలాంటి జిగురుతో నిండిన చోటు అది. దాని పేరు విట్రియస్. దాన్ని ముట్టుకుంటే కన్ను పోయినట్టేనని డాక్టర్లు చాలాకాలం భయపడ్డారు. మధుమేహంతో లోపల రక్తం చిమ్మినా, రెటీనా ఊడినా, చేతులు కట్టుకుని చూడాల్సి వచ్చేది.

1970లో అమెరికాలోని మయామిలో రాబర్ట్ మాకెమర్ అనే జర్మన్ డాక్టరు ఆ గదిలోకి తలుపు తెరిచాడు. ఆయన మొదటి ప్రయోగాలు ఇంటి గ్యారేజీలో, కోడిగుడ్డు తెల్లసొన మీద! కంటి తెల్లగుడ్డుకు పక్కన చిన్న రంధ్రం చేసి, జిగురును కత్తిరించి పీల్చేస్తూ, దాని చోట్లో నీరు నింపే గొట్టాన్ని దింపాడు. బాగానే ఉంది. కానీ లోపల కనిపించాలిగా! బయటి దీపం వెలుగు కార్నియా మీద, కటకం మీద తళుక్కుమని కంటికే కొట్టేది. అందుకే దీపాన్ని లోపలికే తీసుకెళ్లారు. ఆ గొట్టం చుట్టూ ఫైబర్ తొడుగు వేశారు. గొట్టం లావయింది. 1970ల మొదట్లోనే కాలిఫోర్నియాలో కానర్ ఓమాలీ, రాల్ఫ్ హైంజ్ దీన్ని మూడు ముక్కలు చేశారు. ఒక రంధ్రంలోంచి నీరు, ఒక రంధ్రంలోంచి కత్తెర, ఇంకో రంధ్రంలోంచి దీపం. ఇప్పటికీ ప్రపంచమంతా ఆపరేషన్ చేస్తున్నది ఈ మూడు రంధ్రాల పద్ధతిలోనే.

దీపమంటే బల్బు లోపలికి వెళ్లదు. బల్బు పక్కన పెట్టెలో ఉంటుంది. ఇంటర్నెట్ కోసం ఊళ్లలోకి వస్తున్న ఫైబర్ తీగల జాతిదే ఒక సన్నటి తీగ ఆ వెలుగును మోసుకెళ్లి కంట్లో వదులుతుంది. వేడి పెట్టెలోనే ఉండిపోతుంది.

అయినా ఒక చిక్కు. కరెంటు పోయిన రాత్రి ఫ్యూజు వేయడం మనందరికీ అనుభవమే. ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో తీగ. ఇంకో చేయి ఉంటే బాగుండు అనిపిస్తుంది. చివరికి టార్చి నోట్లో పెట్టుకుంటాం. కంటి డాక్టరుకు ఆ సౌకర్యం కూడా లేదు! మధుమేహం ముదిరిన కంట్లో రెటీనా మీద తీగల్లాంటి పొరలు అతుక్కుపోతాయి. వాటిని ఒక చేత్తో ఎత్తిపట్టి రెండో చేత్తో కత్తిరించాలి. కానీ ఒక చేయి ఎప్పుడూ దీపానికే బందీ.

ఇంతలో రంధ్రాలు సన్నబడుతూ వచ్చాయి. మొదట్లో పనిముట్ల మందం 0.9 మిల్లీమీటర్లు. 2000ల మొదట్లో అది అర మిల్లీమీటరుకు దిగింది. కుట్లు అక్కర్లేదు, రోగికి హాయి. కానీ తీగ సగానికి సన్నబడితే దాంట్లోంచి వచ్చే వెలుగు సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. చాలామంది డాక్టర్లు 'మసగ్గా ఉంది బాబోయ్' అని మళ్లీ లావు పనిముట్లకే వెళ్లారు. అప్పుడొచ్చింది జెనాన్ దీపం. ఘాట్‌లో ఎదురొచ్చే కారు పసుపు లైట్లకూ, కళ్లు చెదిరే తెల్లలైట్లకూ ఉన్న తేడానే ఇదీ. జెనాన్ వచ్చాక సన్న తీగలోంచి కూడా కావలసినంత వెలుగు.

వెలుగు మిగిలేసరికి కొత్త ఊహ వచ్చింది. దీపాన్ని చేత్తో పట్టుకోవడం ఎందుకు, గదికి పైకప్పు దీపంలా బిగించేస్తే? అదే షాండిలియర్ దీపం. జర్మనీలో క్లాస్ ఎకార్ట్, జపాన్‌లో యుసుకే ఒషిమా లాంటి డాక్టర్లు 2000లలో దీన్ని మెరుగుపరిచారు. ఒక సన్నటి రంధ్రంలో దీపాన్ని గుచ్చి వదిలేస్తే గది మొత్తం సమంగా వెలుగుతుంది. డాక్టరు రెండు చేతులూ ఖాళీ. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ, ఇంతకుముందు 'ఇది చేయలేం' అని వదిలేసిన కళ్లలో కొన్ని ఈ రెండో చేయి దొరకడం వల్లే బతికి బట్టకట్టాయి.

లంబసింగి మంచులో హైబీమ్

వెలుతురు ఎంత ఎక్కువైతే అంత మంచిదా? లంబసింగి వైపు చలికాలం తెల్లవారుజామున కారు నడిపినవాళ్లను అడగండి. దట్టమైన మంచులో హైబీమ్ వేస్తే దారి కనబడదు, ఎదురుగా తెల్లగోడ కనిపిస్తుంది. లైటు దించాలి, లేదా పక్కనుంచి, కిందనుంచి వెలుగు పడే ఫాగ్‌లైట్లు వేయాలి.

కన్ను కూడా అంతే. దెబ్బ తగిలో, పుండు పడో కార్నియా మసకబారితే, పల్లెల్లో 'కంట్లో పువ్వేసింది' అంటాం చూడండి, అలాంటి కంట్లోకి మైక్రోస్కోపు దీపం ఎంత పెంచితే అంత తెల్లగా చెదురుతుంది. ఒషిమా బృందం 2007లో చెప్పిన మార్గం... బయటి దీపం ఆపేసి, కంటి వెనకగదిలో షాండిలియర్ వెలిగించి, ఆ వెలుగులో ముందుగదిలో శుక్లం తీయడం. ఇప్పుడు తోలుబొమ్మ వెనక దీపం అరువు వెలుగు కాదు, అసలు దీపమే! చెన్నైలో డాక్టర్ సూసన్ జేకబ్, అమర్ అగర్వాల్ తదితరులు 2014లో మరో దారి చూపారు. కార్నియా లోపలి పల్చటి పొరను మార్చే ఆపరేషన్లో, రెటీనా డాక్టర్లు వాడే అదే సన్న దీపాన్ని కంటి బయట అంచు దగ్గర ఏటవాలుగా పట్టి, ఆ పొర ఎటు చుట్టుకుందో చూడటం. కొత్త యంత్రమేమీ కొనలేదు. దీపం పెట్టే చోటు మార్చారంతే.

దీనికి తిరగేసిన సమస్యా ఉంది. విట్రియస్ మరీ పారదర్శకం. దీపం వేసినా వెలుగు దాన్ని దాటుకుని వెళ్లిపోతుంది, అది ఉన్నట్టే తెలియదు. ఇంట్లో సన్నటి ఎండ కిరణం దుమ్ము ఉంటేనే కనిపిస్తుంది కదా! అందుకే ట్రయామ్సినలోన్ అనే మందు తెల్లటి రేణువుల్ని లోపల చల్లుతారు. 2000లో గొలామ్ పేమన్ బృందం చెప్పిన ఉపాయమిది. రేణువులు జిగురుకు అంటుకుని, ఎక్కడ మిగిలిందో దీపం కింద తెల్లగా పట్టిస్తాయి.

దీపమే కాలిస్తే?

ఇంత చెప్పాక చేదు నిజం కూడా చెప్పాలి. రెటీనా ఉన్నదే వెలుగును పట్టుకోడానికి. దానికి వెలుగు ఎక్కువైతే కాలుతుంది. సూర్యగ్రహణాన్ని నేరుగా చూడొద్దని అందుకే అంటాం. 1983లో అమెరికా డాక్టర్లు, శుక్లం ఆపరేషన్ చక్కగా జరిగిన కొందరి రెటీనా మధ్యలో మచ్చలు గమనించి, దానికి కారణం మైక్రోస్కోపు దీపమేనని తేల్చారు. సహజ కటకం అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటుంది. దాన్ని తీసేశాక ఆ కాపలా ఉండదు. పైగా ఆపరేషన్లో కన్ను కదలదు, దీపమూ కదలదు. వెలుగంతా ఒకే చోట.

అప్పటినుంచి దీపాలకు నీలి కాంతిని కోసేసే పసుపు ఫిల్టర్లు వచ్చాయి. పని లేనప్పుడు కంటిపాప మీద మూత పెట్టడం, ఆపరేషన్ తొందరగా ముగించడం అలవాటయ్యాయి. కంటి లోపలి దీపంతో ఇంకా జాగ్రత్త. దాన్ని రెటీనాకు సగం దూరానికి తెస్తే వెలుగు తీవ్రత దాదాపు నాలుగు రెట్లవుతుంది. షాండిలియర్ దూరంగా ఉంటుంది కాబట్టి ఆ భయం కొంత తక్కువ. ఈమధ్య మైక్రోస్కోపులో కళ్లు పెట్టకుండా, కెమెరా చూపేదాన్ని పెద్ద త్రీడీ తెర మీద చూస్తూ ఆపరేషన్ చేసే యంత్రాలు వచ్చాయి. తక్కువ వెలుగును కెమెరా పెంచి చూపిస్తుంది కాబట్టి లోపలి దీపాన్ని బాగా తగ్గించవచ్చు. యాభై ఏళ్లు దీపం పెంచడానికి తంటాలు పడ్డ వైద్యం, ఇప్పుడు దాన్ని తగ్గించడానికి డబ్బు ఖర్చుపెడుతోంది.

ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లకు ఒక మాట. మత్తిచ్చింది కంటి చుట్టూ మాత్రమే అయితే, లోపల దీపం వెలిగినప్పుడు రంగులు, మెరుపులు, ఒక్కోసారి పనిముట్లు కదలడం కూడా కనిపించవచ్చు. సింగపూర్ డాక్టర్లు దీనిమీద ప్రత్యేకంగా అధ్యయనాలే చేశారు. కొందరు భయపడిపోతారు. ముందే చెబితే భయం తగ్గుతుంది. మన ఆసుపత్రుల్లో అవ్వలకూ తాతలకూ ఈ మాట వాళ్ల భాషలో ముందుగా చెప్పేవాళ్లు ఉండాలి. కొండల నుంచి వచ్చేవాళ్లకు మరీను.

దీపం ఆర్పాక

శుక్లం ఏళ్ల తరబడి ఆగుతుంది. రెటీనా ఆగదు. ఉన్నట్టుండి కంటి ముందు నల్లటి చుక్కల వాన, పక్కన మెరుపులు, ఒక వైపు నుంచి తెర దిగుతున్నట్టు అనిపించడం... ఇవి రెటీనా చిరుగుతోందనో, ఊడుతోందనో చెప్పే గుర్తులు. నొప్పి ఉండదు, అందుకే 'రేపు చూద్దాం' అనుకుంటారు. చూపుకు కేంద్రమైన చోటు ఊడకముందే డాక్టరు దగ్గరికి చేరాలి, రోజుల్లో, వీలైతే గంటల్లో. సీలేరు నుంచి ఈ ఆపరేషన్ కోసం విశాఖలాంటి నగరానికి రావలసిందే. 2006లో విశాఖలో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి కేంద్రం వచ్చింది. ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఎప్పటినుంచో ఉంది. దూరం మాత్రం అలాగే ఉంది.

ఇంకో సంగతి మైదానంలో ఉండే మనకు తట్టదు. ఊడిన రెటీనాను అతికించాక, దీపం తీసేసే ముందు, అది మళ్లీ ఊడకుండా నొక్కి ఉంచడానికి కంట్లో గ్యాస్ బుడగ నింపుతారు. ఒక రకం గ్యాస్ రెండు వారాల్లో కరిగిపోతుంది. ఇంకో రకం ఆరు నుంచి ఎనిమిది వారాలుంటుంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి, ఆ బుడగ ఉబ్బుతుంది. కంట్లో ఒత్తిడి పెరిగి చూపే పోవచ్చు. అందుకే విమానం ఎక్కొద్దంటారు. సీలేరు మనిషి విమానం ఎక్కడు, సరే. కానీ ఇంటికి వెళ్లాలంటే వేయి మీటర్ల ఎత్తుకు దగ్గర దగ్గరగా ఎక్కే ఘాట్ రోడ్డు మీదుగానే వెళ్లాలి!

గ్యాస్ బదులు సిలికాన్ నూనె నింపితే ఈ బెడద లేదు. కానీ ఆ నూనెను తీయడానికి కొన్ని నెలల తర్వాత మళ్లీ ఆపరేషన్, మళ్లీ కొండ దిగడం. లేదా గ్యాస్ కరిగేదాకా కిందే ఎవరింట్లోనో ఉండాలి, కూలి మానుకుని. ఏది కుదురుతుందో తేలేది ఆపరేషన్ గదిలో కాదు. అంతకుముందే, ఓపీలో, డాక్టరు 'మీదే ఊరమ్మా?' అని అడిగినప్పుడు. ఆయన అడగకపోతే మీరే చెప్పండి, మాది ఘాట్ పైన అని.